ఎలుగుబంటి ముక్కు నుంచి పుట్టగొడుగు బండ దాకా

నాగోల్‌లో ఎక్కిన మెట్రో రైలు హైదరాబాద్‌ను అడ్డంగా దాటుకుంటూ వచ్చి రాయదుర్గంలో ఆగిపోతుంది. చివరి మూడు స్టేషన్లు దుర్గం చెరువు, హైటెక్ సిటీ, రాయదుర్గం. ఈ కాస్త దూరంలో కిటికీలోంచి కనిపించేదంతా అద్దమే. అద్దంలో ఆకాశం, ఆ పక్క అద్దంలో ఈ అద్దం. అక్కడక్కడా మాత్రం, భవనానికీ భవనానికీ మధ్య సందులో, బూడిద రంగు బండలు తొంగి చూస్తాయి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి వెళ్లినట్టు ఉంటాయి. ఎవరూ పేర్చలేదు.

అద్దాల చరిత్ర చిన్నది. మాదాపూర్‌లోని పది అంతస్తుల సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఐటీ ఉద్యోగులకు ‘పాత బిల్డింగ్’ అంటే అదే. దాని పునాది దిగిన గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, అంటే భూమి వయసులో సగానికి పైమాటే.

పర్యావరణం గురించి మాట్లాడే భారీ రాతి శిల్పం ఏదైనా చూద్దామని ఈ ఐటీ ప్రాంతానికి, సైబరాబాద్‌కు వచ్చేవాళ్లు సాధారణంగా కూడళ్ల వైపు చూస్తారు. చూడాల్సింది కూడళ్ల వెనక. ఎలుగుబంటి ముక్కు నుంచి పుట్టగొడుగు బండ దాకా సాగే ఈ దారిలో ఉలి ముట్టని శిల్పాలు వరసగా ఉన్నాయి. ఒక పూట చాలు. ఆటో మాట్లాడుకోవడమే కాస్త కష్టం. ‘బండలు చూడనీకి పోతున్రా సార్?’ అని డ్రైవర్ ఒకటికి రెండుసార్లు అడుగుతాడు. అవునంటే మీటరు సంగతి మరిచిపోయి మనిషిని ఎగాదిగా చూస్తాడు.

మొదటి మజిలీ హైటెక్ సిటీ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలోని శిల్పారామం. 1992లో చేతివృత్తుల వాళ్ల కోసం సుమారు 65 ఎకరాల్లో మొదలుపెట్టారు. అప్పటికి సైబర్ టవర్స్ లేదు. కొండపల్లి బొమ్మలు, పోచంపల్లి చీరలు, మట్టి కుండల కొట్లు దాటుకుని వెళ్తే రాళ్ల మధ్య నడిచే దారులు వస్తాయి. అక్కడున్నదే బేర్స్ నోస్, ఎలుగుబంటి ముక్కు. ఒక వైపు నుంచి చూసినప్పుడు ముట్టె ముందుకు చాచి వాసన పడుతున్న ఎలుగు. నాలుగడుగులు పక్కకు వేస్తే ఎలుగు లేదు, గుండు మాత్రమే. మంచి శిల్పానికి ఉండే లక్షణం ఇదే కదా, చూసేవాడిని తన చుట్టూ తిప్పుకోవడం.

దీన్ని చెక్కింది నీళ్లు. చెక్కిన పద్ధతి శిల్పి పద్ధతికి మరీ దూరమైనదేమీ కాదు. భూమి లోపల కిలోమీటర్ల లోతున కరిగి ఉన్న రాతిద్రవం మెల్లగా చల్లారి గ్రానైట్ అయింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్లలో అరిగిపోయి బరువు తగ్గేకొద్దీ ఆ గ్రానైట్ సాగి, నిలువుగా, అడ్డంగా చీలికలు పడింది. ఆ చీలికల్లోకి వాన నీరు దిగింది. గ్రానైట్‌లో మెరిసే క్వార్ట్జ్‌ను నీళ్లేమీ చేయలేవు. గులాబీ, తెలుపు రంగుల్లో కనిపించే ఫెల్డ్‌స్పార్ మాత్రం నీటికి లొంగి బంకమన్నుగా మారుతుంది. చదరపు దిమ్మకు మూలలు మూడు వైపుల నుంచీ దెబ్బ తింటాయి కాబట్టి ముందు అవే అరుగుతాయి. అలా దిమ్మ గుండు అవుతుంది. ఉల్లిపాయ పొరల్లాగా పైపెచ్చులు ఊడుతూ పోతాయి. చివరికి చుట్టూ ఉన్న మన్ను వానలకు కొట్టుకుపోయి, గట్టి గుండ్లు ఒకదాని మీద ఒకటి నిలబడిపోతాయి. కాబట్టి వాటిని కింద నుంచి పైకి ఎవరో ఎత్తారనుకోవడం తప్పు. అవి ఎప్పుడూ అక్కడే ఉన్నాయి. వాటి మధ్యనున్నదాన్ని నీళ్లు తీసేశాయంతే. శిల్పి కూడా చేసేది తీసేయడమే. తేడా అల్లా గడువులో ఉంది.

మనిషి చేతిలో ఇదే రాయి ఏమవుతుందో తెలియాలంటే తెలుగు నేల మీద రెండు చోట్లకు మనసులో వెళ్లి రావాలి. ఒకటి లేపాక్షి. పదహారో శతాబ్దపు వీరభద్రాలయానికి కాస్త దూరంలో, ఆరుబయట, ఒకే బండలో మలిచిన బసవన్న కూర్చుని ఉన్నాడు. పొడవు దాదాపు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. అంత రాయిని ఎక్కడి నుంచో మోసుకొచ్చే పని పెట్టుకోలేదు విజయనగర శిల్పులు. గుడిలోని ఏడు పడగల నాగలింగాన్నీ అంతే, లేచి నిలుచున్న బండనే పాముగా మలిచారు. ఉన్న బండను చూసి అందులో ఏ జంతువు దాగుందో కనిపెట్టారు. ఊరు మారలేదు, కొండ మారలేదు. ఒక బండ మాత్రం ఎద్దయింది.

రెండోది హైదరాబాద్‌లోనే ఉంది, హైటెక్ సిటీకి కాస్త దూరంగా. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఒకే రాతి బుద్ధ విగ్రహం కావాలనుకుని రాష్ట్రమంతా వెతికించారు. భువనగిరి పక్కన రాయగిరిలో తెల్ల గ్రానైట్ కొండ దొరికింది. 1985లో పని మొదలైంది. ఎస్.ఎం. గణపతి స్థపతి ఆధ్వర్యంలో శిల్పులు 18 మీటర్ల నిలువెత్తు మూర్తిని మలిచారు. బరువు సుమారు 350 టన్నులు.

ఈ 350 టన్నుల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. గ్రానైట్ ఘనపు మీటరు బరువు దాదాపు 2.7 టన్నులు. ఐదు మీటర్ల అడ్డం ఉన్న గుండు, మాదాపూర్‌లో ఒకప్పుడు లెక్కలేనన్ని ఉన్న సైజు, సుమారు 175 టన్నులు తూగుతుంది. అలాంటివి రెండు కలిస్తే ఒక బుద్ధుడు.

గ్రానైట్ పని సున్నపురాయి పని లాంటిది కాదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పుల చేతికి పల్నాటి సున్నపురాయి దొరికింది. అది మెత్తన. పూసల దండలో పూస పూస విడిగా కనిపించేలా చెక్కనిస్తుంది. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ మామూలు ఉక్కు కన్నా గట్టిది. నాలుగు దెబ్బలకు ఉలి మొన మొద్దుబారుతుంది. అందుకే వెనకటి రోజుల్లో శిల్పులు దిగిన చోటల్లా కొలిమి కూడా దిగేది. ఒకడు చెక్కుతుంటే ఇంకొకడు ఉలులు కాల్చి, సాగదీసి, నీళ్లలో ముంచి మళ్లీ చేతికి అందించేవాడు. బండను చీల్చడానికి ముందుగా దాని వాటం చూసుకోవాలి. వరసగా రంధ్రాలు పొడిచి, వాటిలో ఇనుప చీలలు దించి, సమ్మెటతో ఒక్కో చీలకూ ఒక్కో దెబ్బ వేసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. తొందరపడితే రాయి తనకిష్టమైన చోట పగులుతుంది. పలకలు లేపడానికి బండ మీద మంట పెట్టే విద్య వడ్డెర వాళ్లది. పైపొర వేడెక్కి ఉబ్బి, లోపలి చల్లని రాయిని వదిలి లేస్తుంది. తెలంగాణ ఊళ్లలో గడపలు, కూసాలు, బావి గట్లు, పొలం హద్దు రాళ్లు, అన్నీ ఆ చేతుల మీదుగా వచ్చినవే.

విగ్రహానికి పనికొచ్చే రాయిని శిల్పులు చెవితో ఎంచుకుంటారు. సుత్తితో తడితే గంటలా మోగిందా, కంచులా పలికిందా, మూగగా ఉండిపోయిందా అన్నదాన్ని బట్టి పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని విడదీస్తారు. నమ్మకం సంగతి పక్కన పెట్టినా, లోపల పగులున్న రాయి మోగదు. ఆ పరీక్షలో పస ఉంది. ఇప్పుడు టంగ్‌స్టన్ కార్బైడ్ మొనల ఉలులు, వజ్రపు పళ్ల రంపాలు వచ్చాయి. నెలల పని వారాల్లో అవుతోంది. దుమ్ము కూడా అంతే వేగంగా లేస్తోంది. గ్రానైట్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, వస్తే తగ్గదు. పర్యావరణం మీద శిల్పం చెక్కిస్తూ చెక్కేవాడికి నీళ్లు చిమ్మే యంత్రమూ, మంచి మాస్కూ ఇవ్వకపోతే ఆ శిల్పం ఏం చెప్పినా వినబుద్ధి కాదు.

రాయగిరి బుద్ధుడి ప్రయాణం ఈ నగరం మరచిపోలేనిది. సుమారు 60 కిలోమీటర్ల దూరం ప్రత్యేక వాహనం మీద పడుకుని వచ్చాడు. 1990 మార్చి 10న తెప్ప మీద హుస్సేన్‌సాగర్ మధ్యకు తీసుకెళ్తుంటే తెప్ప ఒరిగి విగ్రహం నీళ్లలో పడిపోయింది. పనివాళ్ల ప్రాణాలు పోయాయి. రెండేళ్లకు పైగా చెరువు అడుగునే ఉండి, 1992 డిసెంబరు 1న, నీటి మధ్యనున్న జిబ్రాల్టర్ రాక్ మీద నిలబడ్డాడు. చక్కటి శిల్పం, సందేహం లేదు. ప్రాణాల లెక్క వేసుకుంటే మాత్రం లేపాక్షి శిల్పుల పద్ధతి ఎంత తెలివైనదో అర్థమవుతుంది.

శిల్పారామం నుంచి దుర్గం చెరువుకు ఆటోలో ఎంతోసేపు పట్టదు, సాయంత్రం ఆరింటికి కాకపోతే. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు వెళ్లింది ఈ చెరువు నుంచే. చుట్టూ గుట్టలుండటం వల్ల దగ్గరికి వచ్చేదాకా కనిపించేది కాదు, అందుకే సీక్రెట్ లేక్ అన్నారు. 2020 సెప్టెంబరు 25న తీగల వంతెన తెరిచాక రహస్యం కాస్తా సెల్ఫీ పాయింట్ అయింది. వంతెన లైట్ల గురించి జనం మాట్లాడుకున్నంతగా దాని రెండు గట్ల మీదున్న రాళ్ల గురించి మాట్లాడుకోరు. చెరువు అక్కడ ఉన్నది ఆ గుట్టల వల్లనే. బండ మీద పడిన వాన ఇంకదు, జారుతుంది. జారిన నీరు గుండ్ల మధ్య మట్టిలో కొంత ఆగి, చీలికల్లోంచి భూమిలోకి కొంత దిగి, మిగిలింది చెరువు చేరుతుంది. గుట్టను చదును చేసి కాంక్రీటు పోస్తే చెరువుకు వచ్చేది వేరే రకం నీరు. దుర్గం చెరువు గుర్రపుడెక్కతో, మురుగుతో ఎన్నేళ్లు అల్లాడిందో మాదాపూర్ వాళ్లందరికీ తెలుసు.

దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు ఒక జాబితాకు ఎక్కాయి. దాని కథ 1992లో మొదలవుతుంది. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్‌లో గుండ్లు పేలిపోవడం చూసి తట్టుకోలేని కొందరు కళాకారులు, ఫొటోగ్రాఫర్లు, రచయితలు ఒక్కచోట చేరారు. 1996లో అది సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థగా రిజిస్టర్ అయింది. జర్మనీ నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన ఫ్రౌకే ఖాదర్ దాన్ని దశాబ్దాల పాటు భుజాన మోశారు. ఐఏఎస్ అధికారి, చరిత్రకారుడు నరేంద్ర లూథర్ దానికి అధ్యక్షుడిగా పనిచేశారు. ఆయన బంజారా హిల్స్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు స్థలంలోని బండను పగలగొట్టించలేదు, దాని చుట్టూ ఇల్లు కట్టించారు. ఈ నగరంలో పర్యావరణ శిల్పం అంటూ మొదట పేరు చెప్పాల్సింది ఆ ఇంటిదేనేమో. ఆ సంస్థ పట్టుదల వల్ల తొమ్మిది శిలారూపాలు వారసత్వ జాబితాకు ఎక్కాయి. శిల్పారామంలో బేర్స్ నోస్, దుర్గం చెరువు గుట్టలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మష్రూమ్ రాక్, పాత బొంబాయి రోడ్డు పక్కన రాక్ పార్క్, మౌలాలి దగ్గర సెంటినెల్ రాక్, మిగిలినవి జూబ్లీ హిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు. అలా గుడీ, కోటా కాని ఉత్త రాయికి కూడా వారసత్వ హోదా దక్కింది.

హోదా ఇచ్చిన నిబంధనను ప్రభుత్వం 2015 డిసెంబరులో తీసేసింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చట్టాలు మారుతున్నంత సేపూ బండలు పగలగొట్టే బ్రేకర్ల మోత ఆగలేదు.

ఆ మోత వినాలంటే రాయదుర్గం స్టేషన్ దిగి ఏ వైపు నడిచినా సరిపోతుంది. ఇక్కడ ఒక టవరు లేవాలంటే ముందు మూడు నాలుగు అంతస్తుల లోతు గొయ్యి పడాలి. కార్లకు చోటు కావాలి కదా. గొయ్యి అంటే మట్టి గొయ్యి కాదు, నిండు బండ. తూటాలతో, యంత్రాలతో పగలగొట్టి, లారీలకెత్తి, క్రషర్లకు తోలుతారు. పాతిక అడుగుల గుండు కంకర కావడానికి ఎంతసేపు? ఆ తర్వాత అదే టవరు లాబీకి చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకలు వస్తాయి. నల్ల నేలలో బంగారు చుక్కలు మెరుస్తుంటే లోపలికి వచ్చినవాళ్లు చెప్పులు తుడుచుకుంటారు. ఒక రాయిని చంపి ఇంకో రాయితో అలంకరించుకోవడం ఈ ఐటీ కారిడార్‌లో ఎవరికీ వింతగా తోచడం లేదు.

బయటి దేశాల్లో రాయికి దక్కే మర్యాద చూస్తే మాత్రం వింతే అనిపిస్తుంది. 2012లో అమెరికాలో మైఖేల్ హైజర్ అనే శిల్పి కోసం 340 టన్నుల గ్రానైట్ బండను క్వారీ నుంచి లాస్ ఏంజెలెస్ కళాప్రదర్శనశాలకు తరలించారు. సుమారు 170 కిలోమీటర్లు. పదకొండు రాత్రులు పట్టింది. దారి పొడవునా జనం మేల్కొని నిలబడి చూశారు. ఖర్చు కోటి డాలర్ల దాకా అయింది. బండ గమ్యం చేరిన తేదీ మార్చి 10. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు మునిగిన తేదీ కూడా అదే, ఇరవై రెండేళ్ల తేడాతో. హైజర్ ఆ బండను చెక్కలేదు. నేలలో పల్లంగా దారి తవ్వి, దాని మీద బండను నిలబెట్టి, మనుషులు కింద నుంచి నడిచి వెళ్లేలా చేశాడు. చెక్కని బండను చూడటానికి అక్కడ అంత డబ్బు పెట్టారు. అంతకు దీటైనవి మనకు ఊరికే ఉన్నాయి, రవాణా ఖర్చు కూడా లేకుండా.

జర్మనీలోని కాసెల్‌లో జరిగింది ఇంకా ఆలోచించదగ్గది. 1982లో యోసెఫ్ బాయిస్ అనే కళాకారుడు అక్కడి మ్యూజియం ముందు 7,000 బసాల్ట్ రాళ్లు కుప్ప పోయించాడు. ఒక్కో రాయి అక్కడి నుంచి కదలాలంటే దాని పక్కన ఒక చెట్టు నాటాలి. ఇదీ షరతు. కుప్ప తరుగుతున్న కొద్దీ ఊళ్లో చెట్లు పెరిగాయి. బాయిస్ 1986లో చనిపోయాడు, మరుసటి ఏడాది చివరి చెట్టును ఆయన కొడుకు నాటాడు. రాయి అక్కడ బొమ్మ కాదు, మాట ఇచ్చినట్టు గుర్తు. చెట్టు లేని రాయికి అక్కడ అర్థం లేదు. సైబరాబాద్‌లో ఏ సంస్థ అయినా నిజంగా పర్యావరణం మీద రాతి శిల్పం పెట్టించాలనుకుంటే హైజర్, బాయిస్ ఇద్దరినీ కలిపి చదువుకోవాలి. క్వారీ నుంచి కొత్త రాయి తెప్పించడం మొదటి తప్పు. సెల్లార్ తవ్వేటప్పుడు తగిలిన గుండులో ఒక్కదాన్ని పగలగొట్టకుండా పక్కకు జరిపినా శిల్పం సగం పూర్తయినట్టే.

రాయదుర్గం దాటి దక్షిణంగా వెళ్తే ఖాజాగూడ గుట్టలు. బాబా ఫక్రుద్దీన్ సమాధి ఉండటంతో ఫక్రుద్దీన్ గుట్ట అనీ పిలుస్తారు. బండల మధ్య గుహలో అనంతపద్మనాభస్వామి గుడి కూడా ఉంది. దర్గాకు వచ్చేవాళ్లు ఒక దారిన, గుడికి వచ్చేవాళ్లు ఇంకో దారిన, తాళ్లు భుజాన వేసుకుని బండలెక్కే కుర్రాళ్లు దారి లేని చోట. పొద్దున్నే వెళ్లాలి. ఎండెక్కితే బండ పెనం అవుతుంది. సీతాఫలం చెట్లు గుండ్ల పగుళ్లలోంచి మొలుచుకొస్తాయి. వాటికి మట్టి ఎక్కడిదో చూద్దామని వంగితే తొండ ఒకటి తలెత్తి చూసి చీలికలోకి జారుకుంటుంది. బండ నీడ, చీలికలో తడి, ఆ తడిలో గడ్డి, గడ్డిలో పురుగు, పురుగు కోసం తొండ. ఏ శిల్పీ తన శిల్పంలో ఇన్ని పాత్రలకు చోటివ్వలేడు.

పైకెక్కి నాలుగు వైపులా తిరిగి చూస్తే ఒక వైపు గోల్కొండ, మిగిలిన వైపులంతా నానక్‌రాంగూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ టవర్లు. గోల్కొండను కట్టినవాళ్లు కూడా రాయితోనే పని చేశారు. కానీ గుట్ట ఎటు వంగితే గోడను అటు వంచారు, పెద్ద గుండు అడ్డొస్తే దాన్నే గోడలో కలుపుకున్నారు. వాళ్లది సౌందర్య దృష్టి అనుకోనక్కర్లేదు. బండను తొలిచే ఖర్చు వాళ్లకు తెలుసు. ఇప్పుడు డైనమైట్ చవక, భూమి ప్రియం. లెక్క తిరగబడింది.

పాత బొంబాయి రోడ్డు మీదికి వస్తే హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా, దానికి దగ్గర్లోనే జాబితాలోని రాక్ పార్క్. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్‌సాగర్ తవ్వించింది ఈ హుస్సేన్ షా వలీనే. ఆయన తవ్వించిన చెరువు మధ్య రాయగిరి బుద్ధుడు నిలబడ్డాడు, ఆయన సమాధి పక్కన ఉలి ముట్టని గుండ్లు నిలబడ్డాయి. టూరిస్టు బస్సులు మొదటి దాని దగ్గరే ఆగుతాయి. రెండో దాని పక్కనుంచి రోజూ వేల కార్లు వెళ్తాయి, ఒక్కటీ ఆగదు. ఆపడానికి చోటు లేదన్నది కూడా నిజమే.

చివరి మజిలీ గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం. 1974లో ఏర్పడినప్పుడు గచ్చిబౌలి అంటే ఊరి బయట కూడా కాదు, అడవి. మొదట్లో సుమారు 2,300 ఎకరాల ప్రాంగణం. పీకాక్ లేక్, బఫెలో లేక్, వాటి చుట్టూ పొదలు, గుండ్లు. ఇక్కడే సరోజినీ నాయుడు స్కూల్లో శిల్పం నేర్చుకునే విద్యార్థులున్నారు. వాళ్లకు ఉలి పట్టడం నేర్పేది మాస్టార్లు, ఉలి ఎక్కడ ఆపాలో నేర్పడానికి మష్రూమ్ రాక్, అదే పుట్టగొడుగు బండ, ఉంది. సన్నటి కాడ మీద వెడల్పాటి గొడుగు. నేలకు దగ్గరగా ఉన్న భాగాన్ని మట్టిలోని తడి ఎక్కువగా తినేయడం వల్ల కాడ సన్నబడింది. చూడగానే పడిపోతుందేమో అనిపిస్తుంది. పడదు, పడగొడితే తప్ప.

2025 మార్చి 30, ఉగాది పండగ. ఆ రోజు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చాయి. అది ప్రభుత్వ భూమి అని ప్రభుత్వం, అడవి అని విద్యార్థులు. రాత్రింబవళ్లు చెట్లు కూలాయి. నెమళ్ల అరుపుల వీడియోలు దేశమంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నీ ఆపమంది. నక్షత్ర తాబేళ్లు, జింకలు, చెట్ల గురించి పత్రికలు చాలా రాశాయి, రాయాల్సిందే. రాళ్ల గురించి తక్కువ రాశాయి. ఆ గొడవ జరుగుతున్నప్పుడు పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీ ఒక మాట చెప్పింది: మష్రూమ్ రాక్ లాంటి శిలారూపాలను లేఅవుట్‌లో హరిత ప్రదేశాలుగా కాపాడతామని.

ఆ మాట నిజాయితీగా అన్నదే అనుకుందాం. అయినా చాలదు. పుట్టగొడుగు బండ చుట్టూ ఇనుప కంచె, గడ్డి లాన్, రాత్రి పూట రంగు దీపాలు, నాలుగు వైపులా అద్దాల టవర్లు. అప్పుడది లాస్ ఏంజెలెస్ బండలా మ్యూజియం వస్తువు అవుతుంది. హైజర్ బండ క్వారీలో తన కొండను పోగొట్టుకుని వచ్చింది, దానికి వేరే దారి లేదు. ఇక్కడ కొండ ఇంకా ఉంది. కాడను సన్నగా చెక్కిన తడి ఇంకా నేలలో ఉంది. ఆ తడిని పంపే కుంట, కుంటలోకి నీటిని జార్చే బండలు, నీడకు చేరే తాబేలు, ఇవన్నీ కలిస్తేనే ఆ శిల్పం. గొడుగును మిగిల్చి మిగతాది చదును చేయడం బసవన్న తలను మిగిల్చి ఒళ్లును కంకరకు పంపడమే.

కొత్త శిల్పాలు వద్దని కాదు. దుర్గి, ఆళ్లగడ్డల్లో ఇవాళ్టికీ ఉలి మీద బతికే కుటుంబాలున్నాయి. వాళ్లను పిలిపించి, సైబరాబాద్ గోతుల్లోంచి తీసిన రాయినే ఇచ్చి, ఇక్కడి తొండనో నక్షత్ర తాబేలునో మలచమంటే బాగానే ఉంటుంది. లేపాక్షి శిల్పుల వారసులకు అది చేతకాని పనేమీ కాదు. కానీ బేరం మాట్లాడుకునే ముందు ఆ కంపెనీ తన స్థలంలో ఎన్ని గుండ్లు పగలగొట్టిందో లెక్క చెప్పాలి. భవన నిర్మాణ అనుమతి ఇచ్చేటప్పుడు చెట్ల లెక్క అడుగుతున్నట్టే బండల లెక్కా అడిగే రోజు రావాలి. ఆర్కిటెక్టులకు ఇదేమీ అసాధ్యం కాదు. నరేంద్ర లూథర్ ఇంటికి గీసిన గీతనే కాస్త పెద్దగా గీయాలి.

చూడాలనుకునేవాళ్లకు సొసైటీ టు సేవ్ రాక్స్ నడిపే రాక్ వాక్‌లు ఉన్నాయి, రాళ్ల గురించి తెలిసినవాళ్లు వెంట ఉంటారు. సొంతంగా వెళ్లేవాళ్లు ఖాజాగూడను మాత్రం ఎండ ముదరకముందే ఎక్కి దిగండి. గట్టి అడుగు ఉన్న బూట్లు, నీళ్ల సీసా, టోపీ చాలు. ఖాళీ సీసా వెనక్కి తెచ్చుకోండి. సుద్దతో, సున్నంతో బండ మీద పేర్లు రాయకండి. కంపెనీలో కొత్త క్యాంపస్ ప్లాను మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, సెల్లార్ గీతలో ఎన్ని బండలు పోతున్నాయో ఒక్కసారి అడగండి.